ఏడో జ్వరం

గోనెపట్టా అంచు కాస్త ఎత్తి, చిటికెన వేలు లోపలికి పోనిచ్చి, తడి ఎంత మిగిలిందో చూసుకుంది బాలనర్సమ్మ. చాలదు. చెంబులో వేళ్లు ముంచి, పసిపిల్ల మొహం మీద చిలకరించినంత పలచగా పట్టా మీద నీళ్లు చిలకరించింది. ఇదివరకైతే నీళ్లు పుక్కిట పట్టి ఒక్క ఊపులో తుంపర ఊదేసేది. పురుగుల మీద చదివే జెన్నీ వద్దంది. అట్లా ఊదితే నీ ఎంగిలి కూడా అందులో కలుస్తుంది, రేపు పరీక్షలో రోకలిబండ బదులు నువ్వే తేలతావు అని చెప్పింది. ఆ మాటకు ఇద్దరూ చాలాసేపు నవ్వారు గానీ, ఆనాటి నుంచి బాలనర్సమ్మ మళ్లీ నీళ్లు పుక్కిట పట్టలేదు.

పట్టా కింద వెదురు తట్ట. తట్టలో జల్లెడ పట్టిన ఆకుమట్టి పరుపు. పరుపు మీద మూడు మట్టిగోళీలు, ఒక్కోటీ రేగుపండంత. తానే కట్టుకున్న ఆ గోళీలో ఒక్కో రోకలిబండ చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. తొలకరికి గోడలెక్కే ఎర్ర రోకలిబండలు కావివి, అవి ఎవరికి తెలియవు గనక! ఇవి వేరు. వేలి గోరు కన్నా కాస్త పొడవు, బెల్లం రంగు, బల్లపరుపు వీపు. ఆ వీపు మీద ఇంటి పెంకులు వరసగా పేర్చినట్టు కట్లు ఉంటాయి. పెంకురోకలి అని పేరు పెట్టింది బాలనర్సమ్మే. చదువుకున్నవాళ్ల పుస్తకాల్లో దానికి ఇంకా పేరు లేదు. ఆ పేరు కోసమే ఈ తిప్పలన్నీ.

తెల్లవారి ఆరు కూడా కాలేదు. అప్పుడే పట్టా ఎత్తి చూడడం ఇది మూడోసారి ఆమెకు. భయం కాదు, సంబరం. ఇవాళ సాయంత్రం ఐదింటికి ఈ గది తాళంచెవి ఇచ్చేయాలి. కనకమామిడిలోని ఈ ఫాంహౌజ్‌ను కొన్నవాళ్లు ఇక్కడ ఫంక్షన్ హాల్ కడతారట. పదింటికి జేసీబీ వస్తుంది, ముందు వెనకవైపు ఆకుకుప్ప తీస్తుంది, రేపు పొద్దున పనివాళ్ల గదులు పడగొడుతుంది. అంటే ఈ మూడు గోళీల్లో ఉన్నవి ఐదింటిలోగా లేవాలి. లేస్తాయనే ఆమె నమ్మకం. నిన్న సాయంత్రం ఒక గోళీ పైన మట్టి రంగు మారి పలచబడింది, లోపలి నుంచి ఎవరో గీకుతున్నట్టు.

మరో గోళీ మొన్న కాస్త పగిలింది. జ్వరంలో ఉన్నదాన్ని ముట్టుకోకూడదని ఊరంతటికీ చెప్పే మనిషే, తడిమట్టి తీసి బొటనవేలితో ఆ పగులు పూడ్చింది. పూడ్చకపోతే ఎండిపోతుంది, ఇంకేం చేయను అని తనకు తానే సంజాయిషీ కూడా చెప్పుకుంది.

జ్వరం అనే మాట ఆమె పాత పనిది. ఆలూరులో ఇరవై అయిదేళ్లు పట్టుపురుగులు పెంచింది బాలనర్సమ్మ. పదిహేనేళ్లప్పుడు కోడలై వచ్చిన ఇంట్లో రెండెకరాల మల్బరీ తోట, ఒక పురుగుల గది ఉండేవి. పురుగు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా నిలబడిపోతే దానికి జ్వరం వచ్చిందంటారు. పాత చర్మం వదిలి కొత్తది తొడుక్కునే వేళ అది. అప్పుడు మేత వేయకూడదు, ముట్టుకోకూడదు, గదిలో గట్టిగా మాట్లాడకూడదు. పట్టుపురుగుకు నాలుగు జ్వరాలు. నాలుగోది లేచిన పొద్దున గదిలో అడుగుపెడితే, ఆకు నమిలే చప్పుడు వాన పడ్డట్టు వినిపించేది. ఆ పొద్దున ఆమెకు తిండి సహించేది కాదు, సంతోషంతో.

తరవాత మొగుడు పోయాడు, మరుదులు తోట అమ్మారు. కాగితం మీద ఆమె బొటనవేలు ఒత్తించారు. పిల్లల్లేరు. చెల్లెలు మాణిక్యాన్ని కూడా ఆలూరే ఇచ్చారు కాబట్టి ఆ ఇంట్లో నాలుగు నెలలుండి, ఒకరి మీద బరువెందుకని ఈ ఫాంహౌజ్‌లో ఆకులు ఊడ్చే పనికొచ్చింది. వచ్చి పదకొండేళ్లు. మామిడితోటలో రోజూ రాలే ఆకు రోజూ ఊడ్చింది. అందరిలా కుప్ప చేసి అగ్గి పెట్టలేదు. పొగ పడితే ఆమెకు ఆయాసం. అందుకని ఆకంతా తట్టలతో మోసి వెనక ప్రహరీ పక్కన పోసేది. అది ఏటికేడు కుళ్లి, దిగి, మళ్లీ పెరిగి, మనిషి నడుము ఎత్తు కుప్ప అయింది. ఆ కుప్పను చూసి మెచ్చుకున్నవాళ్లు ఎవరూ లేరు, పోయినేడు వానల్లో జెన్నీ వచ్చేదాకా.

జెన్నీది సంగారెడ్డి. సిటీలో ఏదో పెద్ద పరిశోధనశాలలో రోకలిబండల మీద, జెర్రుల మీద చదువుతోంది. ఫాంహౌజ్ పాత యజమాని పర్మిషన్ తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, చెంచాతో ఆకుకుప్ప తవ్వుతున్న ఆ పిల్లను చూసి మొదట బాలనర్సమ్మకు జాలి కలిగింది. చదివిన చదువంతా ఇందుకా అనుకుంది. తరవాత ఆ పిల్ల పట్టకారుతో పురుగును ఎత్తడం చూసి కోపం వచ్చింది. పురుగును అట్లా ఎత్తుతారా! కోడి ఈక ఒకటి తెచ్చి, పురుగు పొట్ట కిందికి పోనిచ్చి, దానంతట అది ఎక్కేలా చూపించింది. జెన్నీ నోరు తెరిచి చూసింది. స్నేహం అక్కడ మొదలైంది.

"ఏం జూస్తవు బిడ్డ వీటిల?" అని అడిగిందొకరోజు.

"వీటికి చుట్టాలెవరో చూస్త అవ్వ," అంది జెన్నీ. "ప్రతి ప్రాణి ఒంట్లో ఒక చిన్న గొలుసు ఉంటది. గుండ్రంగ. ముప్పై ఏడు పూసలు. మనకూ గన్నే, పట్టుపురుగుకూ గన్నే, వీటికీ గన్నే. కానీ పూసల వరుస మారుతది. వరుస కలిసినోళ్లు దగ్గరి చుట్టాలు. తేడా ఉన్నోళ్లు దూరం."

"ఎవలిస్తరు ఆ గొలుసు?"

"తల్లి. తండ్రిది రాదు. తల్లికి వాళ్ల తల్లి, ఆమెకు వాళ్ల తల్లి."

బాలనర్సమ్మ చేతిలో ఉన్న చీపురు పుల్లలు సరిచేసుకుంటూ ఉండిపోయింది. కడకు మెల్లగా అడిగింది. "నాకు పిల్లల్లేరు గద. నా గొలుసు నాతోనే తెగుతదా?"

"నీకొచ్చింది నిన్ను గన్న మీ అవ్వది. మీ చెల్లెకు గూడ గదే వచ్చింది. చెల్లె బిడ్డ మంజుల అంటరు గద, ఆమెకూ గదే. మంజులకు బిడ్డ ఉన్నది గద. అంతా ఒకటే గొలుసు."

ఆ ఆదివారమే ఆలూరు పోయింది బాలనర్సమ్మ. ఎందుకొచ్చిందో చెప్పలేదు. మంజుల నాలుగేళ్ల కూతురిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని చెయ్యి అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చుంది. ఏమైంది పెద్దమ్మా అని మంజుల రెండుసార్లు అడిగింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం అంత బాగుంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

పెంకురోకలి గొలుసు జెన్నీ అప్పటికే చదివేసింది. కుప్పలో దొరికిన ఒక ఆడదాని కాలు తీసి చూస్తే, రెండు పూసలు ఒకదాని స్థానంలో ఒకటి ఉన్నాయట. ఇప్పటిదాకా చూసిన ఏ రోకలిబండలోనూ, దాని చుట్టాల్లోనూ అట్లా లేదట. ఫోన్లో ఆ సంగతి జెన్నీ రెండుసార్లు చెప్పింది. కానీ ఒక మెలిక. ఆడదాన్ని చూసి జాతి పేరు పెట్టలేరు. ఎదిగిన మగది కావాలి. మగదానికి ఏడో కట్టు దగ్గర కాళ్లు ఉండాల్సిన చోట కాళ్లుండవు, కొక్కేలుంటాయి. ప్రతి జాతికీ ఆ కొక్కెం వేరు, ఇంటింటికీ తాళంచెవి వేరైనట్టు. ఆ కొక్కెం చూస్తే తప్ప ఇదిగో ఇది ఫలానాది అని చెప్పే వీల్లేదు. కుప్పంతా వెతికినా దొరికినవన్నీ ఆడవి, లేదా పిల్లలు.

"మగయి జ్వరంల ఉన్నయేమో," అంది బాలనర్సమ్మ. అంతే, మరునాడే కుప్ప అడుగు పొర తవ్వి ముప్పై ఐదు మట్టిగోళీలు బయటికి తీసింది. జెన్నీకి పుస్తకంలో తెలుసు గానీ, అవి ఇట్లా ఉంటాయని కళ్లారా చూడలేదు. వీటికి ఏడు జ్వరాలని, ఏడోది లేస్తేనే మగదానికి కొక్కేలు వస్తాయని అప్పుడు చెప్పింది. నాలుగు జ్వరాలు చూసినదాన్ని, ఏడు చూడలేనా అనుకుంది బాలనర్సమ్మ.

అక్కడే జరిగింది పొరపాటు. పట్టుపురుగు జ్వరంలోకి పోతున్నప్పుడు పడక మీద సున్నపు పొడి చల్లుతారు. పడక పొడిగా ఉండాలి, రోగం రాకూడదు. ఇరవై అయిదేళ్లు చేసిన చెయ్యి అది, అడక్కుండానే చేసేసింది. తట్టలో గోళీలు పేర్చి, సుబ్బరంగా సున్నం చల్లి, మహా గొప్ప పని చేశాననుకుంది. మూడో రోజు చూస్తే ఇరవై ఆరు గోళీలు ఎండి, బొరుగుల్లా తేలికైపోయాయి. లోపల పురుగులు పీల్చుకుపోయి ఉన్నాయి. రోకలిబండకు ఆరిన పడక మృత్యువని ఆమెకు ఎవరు చెప్పాలి! జెన్నీ ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ ఇరవై ఆరు ఈ నెల రోజులుగా బాలనర్సమ్మ గొంతుకు అడ్డం పడి ఉన్నాయి.

అంతా ఆమె తప్పే కాదు లెండి. మిగిలిన తొమ్మిదిలో ఒకదాన్ని జెన్నీ ఆగలేక సూదితో పగలగొట్టింది. లోపలున్నది వెన్నలా తెల్లగా, మెత్తగా ఉండి అర్ధగంటలో పోయింది. ఐదింటిని డబ్బాలో దూది పెట్టి స్కూటీ మీద సిటీకి తీసుకుపోయింది. చేవెళ్ల రోడ్డు వెడల్పు చేయడానికి తవ్వి పెట్టారు కదా, ఆ గుంతల్లో ఎగిరెగిరి, పోయేసరికి డబ్బాలో మట్టి తప్ప గోళీ లేదు. ఇక మిగిలినవి మూడు. వీటిని కదపడానికి ఇద్దరికీ ధైర్యం లేదు. పెంకురోకలి ఉన్నది ఈ కుప్పలోనే, కుప్ప పోయేది ఇవాళే.

పది కాకముందే వాచ్‌మన్ ఎల్లేశ్ గది ముందు నిలబడ్డాడు. నలభై ఐదేళ్ల మనిషి, వేళాకోళం లేకుండా మాట రాదు.

"అక్కా, జేసీబీ మొయినాబాద్ దాటిందంట. నీ పురుగులకు జెప్పు, జల్ది లేవుమని."

"నీ లెక్క డ్యూటీల పండుకున్నయనుకున్నవా? జ్వరంల ఉన్నయి."

"గోలీ ఎయ్యకపోయినవా మరి."

ఆమె నవ్వాపుకుని చీపురు తీసుకుంది. తోట రేపు ఉంటుందో లేదో తెలియదు, ఐనా రాలిన ఆకు రాలినట్టే ఉంటే ఆమెకు చెయ్యి ఊరుకోదు. మూడు వరసలు ఊడ్చింది. నడుం వంచి, ఎడమ చెయ్యి వీపు మీద పెట్టుకుని, కుడిచేత్తో విసనకర్రలా చీపురు తిప్పుతుంది. ఆ చెయ్యి మణికట్టు దగ్గర ఉబ్బి ఉంటుంది, పదకొండేళ్ల ఊడ్పు. నాలుగో వరసలో ఉండగా జేసీబీ గేటు లోపలికొచ్చింది. చీపురు అక్కడే పడేసి గదిలోకి పరుగెత్తింది.

నేల అదురుతోంది. తట్ట కింద మడిచిన బొంత పెట్టింది. చాలదనిపించింది. తట్టనే ఒళ్లోకి తీసుకుని, గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుంది. బయట ఆమె కుప్పను ఆ ఉక్కు పార నాలుగు సార్లలో ఎత్తేసింది. పదకొండేళ్ల ఆకు. చూడాలనిపించలేదు, చూడలేదు. ఒళ్లో ఉన్నది చాలు.

పదకొండింటికి జెన్నీ వచ్చేసరికి బాలనర్సమ్మ కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. జెన్నీ హెల్మెట్ కూడా తీయకుండా పక్కన కూలబడింది.

"లేసినయా అవ్వ?"

"ఒకదానికి పైన పలచవడ్డది. చూడు, గీకుతున్నది."

జెన్నీ భూతద్దం పెట్టి చూసింది. గోళీ మీద ఆవగింజంత నల్లటి చుక్క. చుక్క కాదు, కంత. "టెన్షన్‌తోని సచ్చిపోయెట్లున్న," అని గొణిగి, చేతిలోని సూది వైపు చూసుకుంది. బాలనర్సమ్మ ఆ సూది తీసి తన జాకెట్టుకు గుచ్చుకుంది.

ఇద్దరూ కూర్చున్నారు. కూర్చోవడమంటే కూర్చోవడమే. ఫోన్ మోగితే జెన్నీ కట్ చేసింది. అన్నం తినాలన్న ధ్యాస ఇద్దరికీ లేదు. ఒంటిగంటన్నరకు ఆ కంతలోంచి ముందు ఒక మీసం వచ్చింది. తరవాత రెండోది. అవి గాలిని తడిమాయి. తల వచ్చింది, ఒక కట్టు, రెండు కట్లు, మూడు. గోళీ నోరు తెరుచుకుని, పెంకురోకలి ఆకుమట్టి మీదికి జారింది. బెల్లం రంగు, నిగనిగ. ఆమెకు కళ్లు చెమర్చాయి. నెల రోజుల్లో ఆమె చేతుల మీదుగా బతికి బయటపడ్డది ఇదొక్కటే.

"కాళ్లు లెక్కపెట్టు," అంది జెన్నీ. భూతద్దం బాలనర్సమ్మ చేతిలో పెట్టింది. ఆడదానికి ముప్పై ఒక్క జతలు, మగదానికి ఒక జత కొక్కేలైపోతుంది కాబట్టి ముప్పై. చదువు రాకపోయినా లెక్క రానిది కాదు బాలనర్సమ్మ. ఈకతో పురుగును పక్కకు ఒరగజేసి, భూతద్దంలోంచి ఒక్కో జతా లెక్కపెట్టింది.

"ముప్పై ఒకటి."

జెన్నీ మొహం మాడిపోయింది. మళ్లీ లెక్కపెట్టమనలేదు. ఏడో కట్టు దగ్గర కాళ్లు కాళ్లలాగే ఉన్నాయని తనకే కనిపించింది. మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

"ఆడదైతె ఏమాయె," అంది బాలనర్సమ్మ. "ఇంక రెండున్నయి." పైకి అంది గానీ లోపల ఆమెకూ బెంగ పుట్టింది. రెండిట్లో ఒకటి పగిలి పూడ్చినది. అది ఉందో పోయిందో కూడా తెలియదు.

రెండింటికి జేసీబీ గదుల వైపు తిరిగింది. మోటారు షెడ్డు ఇవాళే తీసేస్తామన్నారట. అది ఈ గదికి నాలుగడుగుల దూరం. నేలలోంచి అదురు వీపులోకి ఎక్కుతోంది. రెండో గోళీ మీద కొత్తగా ఏర్పడిన కంత దగ్గర మట్టి పొడిపొడిగా రాలింది. జెన్నీ లేచి బయటికి పోయి బతిమాలింది. డ్రైవర్ వినలేదు, అతని పని అతనిది. అప్పుడు ఎల్లేశ్ గది గుమ్మంలోంచి తొంగి చూశాడు. తట్టను పొత్తిళ్లలో బిడ్డలా పట్టుకుని కూర్చున్న బాలనర్సమ్మను చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, వేళాకోళం ఆడలేదు. పోయి డ్రైవర్ భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, పొద్దటి సంది ఒక్కతీరుగ నడుపుతున్నవు. రా, జర చాయ్ తాగుదాం."

"ఇప్పుడే తాగిన."

"గది చాయేనా. మొయినాబాద్‌ల తాగిపిస్త, రా."

మొయినాబాద్ దాకా పోయి తాగిన చాయ్ అది. రెండు గంటలు పట్టింది. ఎల్లేశ్ జన్మలో ఒకరికి చాయ్ పోయించిన మనిషి కాదు.

ఆ రెండు గంటల నిశ్శబ్దంలో మూడున్నరకు మీసాలు కనిపించాయి. బాలనర్సమ్మ జెన్నీ మోచెయ్యి పట్టుకుంది. తల సగం వచ్చింది. ఆగింది. మళ్లీ లోపలికి పోయింది. జెన్నీ నోట్లోంచి చిన్న ఏడుపులాంటిది వచ్చింది.

"ఒక్కసారి పగలగొడ్దమా అవ్వ?"

"ఊకో."

"టైం నాలుగైతున్నది."

"కానియ్యి. జ్వరం లేసినోళ్లకు బలం రావద్దా? దానంతట అది రావాలె."

ఆ మాట అనడానికి బాలనర్సమ్మకు ఎంత ఓపిక పట్టిందో ఆమెకే తెలుసు. చెంబులో వేలు ముంచి గోళీ పక్కన మట్టి మీద ఒక్క చుక్క వదిలింది. తడి వాసన తగిలితే వస్తుందని ఆశ. నాలుగు దాటి ఇరవై నిమిషాలకు, గేటు బయట ఎల్లేశ్ బండి చప్పుడు వినబడుతుండగా, ఆ రోకలిబండ ఒక్క విసురున బయటికి వచ్చింది. మొదటిదానికన్నా సన్నం. కాళ్లు పొడవు. నడక చురుకు.

ఈక పొట్ట కిందికి పోయింది. పురుగు ఎక్కింది. బాలనర్సమ్మ దాన్ని మెల్లగా వెల్లకిలా తిప్పి లెక్కపెట్టింది. పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు. చివరిదాకా పోయి, మళ్లీ తల దగ్గర మొదలుపెట్టింది.

"ముప్పై," అంది. "జెన్నమ్మా, ముప్పై. ఏడోదాని కాడ చూడు."

ఏడో కట్టు దగ్గర కాళ్లు లేవు. తేనెరంగు కొక్కేలు రెండు, ఒకదానివైపు ఒకటి వంగి ఉన్నాయి. కొసన చీలి, చీలిక మళ్లీ వంకర తిరిగి ఉంది. జెన్నీ చూసింది. చూసి, భూతద్దం నేల మీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. "గిట్లాంటిది నేను ఏ బొమ్మల చూడలే అవ్వ. ఎక్కడ చూడలే." బాలనర్సమ్మను ఎంత గట్టిగా వాటేసుకుందంటే తట్ట ఒరిగిపోబోయింది. బాలనర్సమ్మ గొంతులో అడ్డం పడ్డ ఇరవై ఆరూ ఆ క్షణాన దిగిపోయాయి. ఇంత సంతోషం తన ఒంట్లో ఇంకా మిగిలి ఉందని ఆమె అనుకోలేదు.

ఎల్లేశ్ కూడా వంగి చూశాడు. "గింతేనా?" అన్నాడు. కానీ అక్కడి నుంచి కదలలేదు.

తరవాత జెన్నీ సంచిలోంచి చిన్న గాజుసీసా తీసింది. అందులో స్పిరిట్. బాలనర్సమ్మకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు, ఎవరూ దాచలేదు. ఐనా కళ్లు ఈక మీదికే పోయాయి. పురుగు మళ్లీ బోర్లా తిరిగి, ఈక కొస దాకా పోయి, దారి లేక వెనక్కి వస్తోంది.

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే అవ్వ. లేటైతె ఏదన్న అయితదేమో. ఒక కాలు గొలుసుకు, కొక్కేలు పేరుకు. రెండు కలిస్తెనే ఇది ఆ ఆడదాని జాతేనని చెప్పొచ్చు."

"తే. నేనే ఏస్త."

ఇరవై అయిదేళ్లు పురుగుల్ని పెంచింది. నాలుగు జ్వరాలు దాటించింది, గూళ్లు కట్టించింది. మూటలు కట్టి బజారుకు పంపిన తరవాత ఆ గూళ్లను ఎక్కడో మరిగే నీళ్లలో వేస్తారని వినేది, ఎన్నడూ చూడలేదు. చూడాల్సిన పని పడలేదు. ఇవాళ పడింది. సీసా మూతి దగ్గర ఈక పెట్టింది. పురుగు మీసాలతో గాజును తడిమింది. ఆమె ఈకను కొంచెం వంచింది. ముప్పై జతల కాళ్లు ఒకసారి అలలా కదిలాయి, రెండోసారి నెమ్మదిగా, తరవాత లేదు. అంతా అయ్యేదాకా చూపు తిప్పుకోకుండా చూసింది. మంచిగ లేసినవు కొడుకా అని మనసులోనే అనుకుంది.

జెన్నీ పెన్సిల్‌తో చిన్న కాగితం మీద రాసి సీసాలోకి జారవిడిచింది. ఏం రాశావని అడిగింది బాలనర్సమ్మ. కనకమామిడి, మామిడాకు కుప్ప, తేదీ. పట్టినవారు బాలనర్సమ్మ. ఆ కాగితం స్పిరిట్‌లో ఎన్నేళ్లైనా చెరగదట.

"ఆలూరు అని గూడ రాయకపోయినవా," అంది బాలనర్సమ్మ, సిగ్గుపడుతూ.

జెన్నీ సీసా తెరిచి, కాగితం బయటికి తీసి, ఆలూరు అని కూడా రాసింది.

ఐదు కావస్తోంది. మూడో గోళీ కదల్లేదు. జెన్నీకి ఆశగానే ఉంది గానీ, దాన్ని ఏం చేద్దామని బాలనర్సమ్మనే అడిగింది. నీది నీ ఇష్టం అవ్వ అంది. బాలనర్సమ్మ తట్ట ఎత్తుకుని వెనక ప్రహరీ దాటింది. అక్కడ పొలం కాలువ గట్టున నాలుగు కానుగ చెట్లున్నాయి. ఆ జాగా ఎవరి కాగితాల్లోనూ ఉన్నట్టు లేదు, ఎవరూ ఊడ్వని ఆకు మడమల లోతున పడి ఉంది. చేత్తో ఆకు పక్కకు తీసి, తట్టలోని మట్టి పరుపంతా అక్కడ దించింది. గోళీని మధ్యలో పెట్టింది. మధ్యాహ్నం లేచిన ఆడదాన్ని ఈకతో పక్కనే వదిలింది.

"లేసెటోళ్లకు తోడుండాలె," అంది జెన్నీతో. "ఇక్కడియి ఇక్కడనే ఉండనీ. నేనంటే పోవాలె గని."

కానుగాకు పైన కప్పింది. గోనెపట్టా తడిపి, పిండి, దాని మీద పరిచింది. కోడి ఈక జెన్నీ సంచి పక్క జేబులో గుచ్చింది, పట్టకారుతో ఇంకెన్నడూ ఎత్తకు అని చెప్పి. తాళంచెవి ఎల్లేశ్ చేతిలో పెట్టింది. బట్టల మూట ఒకటి, బొంత ఒకటి, ఖాళీ తట్ట. పదకొండేళ్ల సంసారం ఎల్లేశ్ బండి మీద ముందూ వెనకా సరిపోయింది. బస్‌స్టాప్ దాకా దింపుతానన్నాడు. ఆలూరులో బస్సు దిగేచోట మంజుల కూతుర్ని తీసుకుని నిలబడి ఉంటానని ఫోన్ చేసింది. గేటు దాటుతుంటే బాలనర్సమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. చూడ్డానికి తీరిక లేదు, ముప్పై ముప్పై అని ఎల్లేశ్ వీపు వెనక కూర్చుని మళ్లీ మొదటి నుంచి చెబుతోంది, మీసం ఎట్లా వచ్చింది, ఎట్లా లోపలికి పోయింది, ఎట్లా ఒక్క విసురున బయటికి దూకింది. వాడు ఊ కొడుతున్నాడు.

కాలువ గట్టున, తడిగోనె కింద, కానుగాకు కింద ఆ మూడో మట్టిగోళీ ఉంది, పూడ్చిన పగులు మీద ఆమె బొటనవేలి ముద్రతో.